మాట ఎవరి యంత్రం మీదుగా వెళుతోంది? ఆటల బృందానికి వాయిస్ చాట్ ఎంపిక

ఐదుగురు జట్టుగా ఆడే షూటింగ్ ఆటలో ఒకరు మూలమలుపు దగ్గర నక్కి కాపలా కాస్తుంటారు. అవతలి జట్టు ఆటగాడు కంటపడగానే "ఎడమ తలుపు, ఒక్కడే!" అని మైకులో చెబుతారు. ఆ మూడు మాటలు పలకడానికే దాదాపు ఒక సెకను పడుతుంది. పలికిన మాట మిగతా నలుగురి చెవిన పడడానికి మరో పదో వంతు సెకను పడితే ఎవరూ గమనించరు. అదే అర సెకను పట్టిందంటే అప్పటికి తలుపు తెరుచుకుని ఉంటుంది, హెచ్చరించిన ఆటగాడు నేలకొరిగి ఉంటాడు, హెచ్చరిక మాత్రం ఆ వెనకాలే తీరిగ్గా వచ్చి చేరుతుంది. వాయిస్ చాట్ సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలన్నీ ఈ అర సెకను దగ్గరే తేలిపోతాయని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం.

మిగతా సగం ఆట ముగిశాక తెలుస్తుంది. గది తాళం ఎవరి దగ్గర ఉంది, ఎవరినైనా బయటికి పంపే హక్కు ఎవరిది, సభ్యుల ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తుపట్టే అంకెలు) ఎవరికి కనబడుతున్నాయి, ఆ సేవను నడిపే సంస్థ రేపు దుకాణం కట్టేస్తే బృందం ఎక్కడ కలుసుకుంటుంది అన్న ప్రశ్నలకు ధ్వని నాణ్యతతో ఏ సంబంధమూ లేదు. కొత్త బృందం ఏర్పడినప్పుడు మాత్రం చర్చంతా "దేనిలో గొంతు బాగా వినిపిస్తుంది?" అన్న దాని చుట్టూనే తిరుగుతుంది. నా దృష్టిలో అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. ఎందుకో తెలియాలంటే, మైకు దగ్గర బయలుదేరిన మాట అవతలి చెవికి చేరేలోపు దానికి ఏమేమి జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి.

ఇరవై మిల్లీసెకన్ల ముక్కలు

సాఫ్ట్‌వేర్ మన గొంతును ఆగని ధారగా పంపదు. సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను కుదించి, ఒక్కో ప్యాకెట్‌లో పెట్టి పంపుతుంది. అంటే మనం మాట్లాడుతున్నంతసేపూ సెకనుకు 50 ప్యాకెట్లు ఇంటి నుంచి బయలుదేరుతుంటాయి. ఇలా కుదించి, అవతల మళ్లీ విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. ఒకప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌కు నచ్చిన కోడెక్ దానికి ఉండేది కనుక, ఒకదానిలో గొంతు పాత టెలిఫోన్‌లోంచి వచ్చినట్టు, మరొకదానిలో పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపించడం నిజంగానే ఉండేది.

2012 సెప్టెంబరులో ఆ పరిస్థితి మారింది. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ ఓపస్ అనే కోడెక్‌ను ఆర్‌ఎఫ్‌సీ 6716 పేరిట ప్రమాణంగా ప్రకటించింది. మాటకు బాగా పనికివచ్చే సిల్క్ అనే పద్ధతి స్కైప్ నుంచి, సంగీతానికీ తక్కువ ఆలస్యానికీ పేరున్న సెల్ట్ అనే పద్ధతి జిఫ్ ఫౌండేషన్ నుంచి రాగా, రెండింటినీ కలిపి తయారుచేసినదే ఓపస్. సెకనుకు 6 కిలోబిట్ల దగ్గర మొదలుపెట్టి 510 కిలోబిట్ల దాకా ఎంత వెడల్పు (బ్యాండ్‌విడ్త్) ఇస్తే అంతలో సర్దుకుంటుంది. వాడుకున్నందుకు ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు. మంబుల్, టీమ్‌స్పీక్ 3 అనే వాయిస్ చాట్ సాఫ్ట్‌వేర్లు మొదట్లో స్పీక్స్, సెల్ట్ కోడెక్‌లతో నడిచి తర్వాత ఓపస్‌కు మారాయి. 2015లో వచ్చిన డిస్కార్డ్ అనే చాట్ సేవ కూడా దాన్నే వాడుతోంది. బ్రౌజర్లలో వాయిస్ కాల్స్‌కు ఆధారమైన వెబ్‌ఆర్‌టీసీలో ఓపస్ ఉండి తీరాలన్నది నియమం. కాబట్టి ఈ రోజు రెండు సాఫ్ట్‌వేర్లలో ఒకే మనిషి గొంతు వేర్వేరుగా వినిపిస్తే, కారణాన్ని కోడెక్‌లో వెతకడం వృథా. బిట్‌రేట్ (సెకనుకు ఎన్ని బిట్లు వాడాలన్న) అమరికలోనో, శబ్ద నివారణలోనో, ఎక్కువసార్లు ఆ మనిషి హెడ్‌సెట్‌లోనో దొరుకుతుంది.

బిట్‌రేట్ విషయంలో అంకెల మోజు ఎక్కువ కనుక ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. డిస్కార్డ్ వాయిస్ ఛానెల్ మామూలుగా 64 కిలోబిట్ల దగ్గర ఉంటుంది. నిర్వాహకులు దాన్ని 8 నుంచి 96 దాకా మార్చుకోవచ్చు, సభ్యులు డబ్బు కట్టి బూస్ట్ చేసిన సర్వర్లలో 384 దాకా పెంచుకోవచ్చు. 64 కిలోబిట్ల దగ్గర 20 మిల్లీసెకన్ల ముక్క 160 బైట్లవుతుంది. దానికి ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ అనే మూడు చిరునామా చీటీలు కలిపి మరో 40 బైట్లు అంటుకుంటాయి. మొత్తం సెకనుకు 80 కిలోబిట్లు. గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడినా 36 మెగాబైట్లకు మించదు. అదే డేటా పొదుపు చేద్దామని 8 కిలోబిట్లకు దించితే ముక్క 20 బైట్లే ఉంటుంది గానీ చీటీలు మాత్రం 40 బైట్లే. ఉత్తరం కంటే కవరు బరువెక్కువ అన్నమాట. ఇటువైపు పొదుపు ఎలా ఉత్తుత్తిదో, అటువైపు 384 కూడా అంతే ఉత్తుత్తిది. "వెనక్కి రా, వెనక్కి రా" అని అరవడానికి 40 కిలోబిట్లు చాలు. పాటలు వింటూ ఆడుకునే బృందమైతే తప్ప అంతకు మించి పెంచినందువల్ల చెవికి తెలిసే లాభం పెద్దగా ఉండదు.

ఆలస్యం ఎక్కడెక్కడ పోగుపడుతుంది

ఒక దిశలో మాట చేరడానికి పట్టే కాలం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలా రకాల సంభాషణలకు ఇబ్బంది ఉండదని, ప్రణాళిక వేసేటప్పుడు 400 దాటనివ్వకూడదని టెలికాం ప్రమాణాలు చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐటీయూ తన జి.114 సిఫారసులో చెబుతుంది. అది టెలిఫోన్ సంభాషణలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట. గురి చూసి కాల్చే ఆటలో ఇంకా తక్కువ ఉంటే మంచిది. ఈ 150లో ఖర్చు చాలా చోట్ల అవుతుంది. ముక్క నిండేదాకా ఆగడానికి, కొంచెం ముందుకు తొంగి చూడడానికి ఓపస్ తన మామూలు అమరికలో 26.5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మైకు వైపు, స్పీకరు వైపు ఆపరేటింగ్ సిస్టమ్ తలా కొంత దాచుకుంటుంది. ఆ తర్వాతిది దూరం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది, అంటే ప్రతి 1,000 కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు. ఇది తీగ తిన్నగా ఉంటేనే. నిజానికి దారులు వంకరటింకరగా ఉంటాయి, మధ్యలో రూటర్లుంటాయి. ఇద్దరు మిత్రులు పక్కపక్క వీధుల్లోనే ఉన్నా సర్వర్ 6,000 కిలోమీటర్ల అవతల ఉంటే, మాట అక్కడికి వెళ్లి తిరిగి రావాలి కనుక దూరం ఒక్కటే 60 మిల్లీసెకన్లు మింగేస్తుంది.

చివరిది, బయటికి కనబడనిది జిట్టర్ బఫర్. సెకనుకు 50 చొప్పున పంపిన ప్యాకెట్లు అదే క్రమంలో, అదే ఎడంతో చేరవు. కొన్ని తొందరగా, కొన్ని ఆలస్యంగా, ఒకటి రెండు అసలే రాకుండా ఉంటాయి. వచ్చినవి వచ్చినట్టు వినిపిస్తే మాట నత్తి కొట్టినట్టుంటుంది కనుక, అవతలి సాఫ్ట్‌వేర్ కొన్నింటిని కాసేపు పోగు చేసుకుని వరసలో పెట్టి వినిపిస్తుంది. నెట్‌వర్క్ ఎంత ఒడిదుడుకులుగా ఉంటే ఈ పోగు అంత పెద్దదవుతుంది, మాట అంత ఆలస్యమవుతుంది. సగటు పింగ్ (ప్యాకెట్ సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలం) తక్కువగా ఉన్న మనిషి గొంతు కూడా ఒక్కోసారి వెనకబడి రావడానికి కారణం ఇదే: సగటు బాగానే ఉంటుంది, నిలకడే ఉండదు.

దారిలో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ అడిగి తెప్పించుకోవచ్చు కదా అన్న సందేహం రావచ్చు. వెబ్‌పేజీలను తెచ్చే టీసీపీ చేసేది అదే. కానీ పోయిన ముక్కను అడిగి, అది వచ్చేదాకా వెనకున్నవాటిని ఆపితే వరసంతా నిలిచిపోతుంది. అందుకే గొంతును యూడీపీలో పంపుతారు; పోయింది పోయినట్టే. ఆ 20 మిల్లీసెకన్ల ఖాళీని ఓపస్ ముందరి ధ్వనిని బట్టి ఊహించి పూడుస్తుంది. కావాలంటే ప్రతి ప్యాకెట్‌లోనూ వెనకటి ప్యాకెట్ తాలూకు తక్కువ నాణ్యత నకలును కూడా మోసుకెళ్లగలదు. ఒకటీ అరా పోతే చెవి పట్టుకోలేదు. వరసగా పోతే మాత్రం ఆ ఊహ సాగి సాగి, అందరికీ తెలిసిన రోబో గొంతు వినిపిస్తుంది.

మంబుల్ వాడేవారికి ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. దాని సర్వర్ మామూలుగా 64738 అనే పోర్టులో టీసీపీ, యూడీపీ రెండింటినీ వింటుంది. సర్వర్ పెట్టినవారు రూటర్‌లో టీసీపీని మాత్రమే తెరిచి యూడీపీని మరిచిపోతే మంబుల్ కనెక్షన్ తెంచకుండా గొంతును టీసీపీ గొట్టంలోంచే పంపుతుంది. అందరూ లోపలికి రాగలుగుతారు, మాటలూ వినిపిస్తాయి, రద్దీ పెరిగినప్పుడు మాత్రం ముక్కలు ముక్కలవుతాయి. "మంబుల్ బాగోలేదు" అని తీర్పు చెప్పి వెళ్లిపోయిన బృందాల్లో కొన్నింటికి దెబ్బ కొట్టింది ఆ తెరవని తలుపే అయ్యుంటుందని నా అనుమానం. సర్వర్ వివరాల కిటికీ తెరిచి యూడీపీ గణాంకాలు కదులుతున్నాయో లేదో చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

మధ్యలో ఉన్న యంత్రం

పదిమంది మాట్లాడుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది, మధ్యవర్తి లేకుండా ప్రతి ఒక్కరూ మిగతా తొమ్మిదిమందికీ నేరుగా పంపడం. పైన వేసిన లెక్క ప్రకారం ఒక్కొక్కరూ 720 కిలోబిట్లు అప్‌లోడ్ చేయాలి. రెండవది, అందరూ ఒక సర్వర్‌కు ఒకే నకలు పంపితే అది మిగతావారికి పంచిపెట్టడం. అప్పుడు అప్‌లోడ్ 80 దగ్గరే ఆగుతుంది. డౌన్‌లోడ్ కూడా ఆ క్షణంలో మాట్లాడుతున్నవారిని బట్టే ఉంటుంది. వెడల్పు ఒక్కటే చూస్తే ఇప్పటి కనెక్షన్లకు మొదటి దారీ పెద్ద భారం కాదు. అసలు చిక్కు వేరే ఉంది: నేరుగా పంపుకునేవారికి ఒకరి ఐపీ చిరునామా మరొకరికి తెలిసిపోతుంది. పాత స్కైప్ ఇలాగే పనిచేసేది. ఆటలో ఓడిపోయిన కోపంతో అవతలివారి ఐపీని వెలికితీసి, వారి కనెక్షన్ మీదికి చెత్త డేటాను కుమ్మరించి, ఆట మధ్యలో బయటికి నెట్టేసే దుర్మార్గం పోటీ ఆటల ప్రపంచంలో అప్పట్లో బాగా నడిచింది. డిస్కార్డ్, 2018లో కొత్తగా మలిచిన స్టీమ్ చాట్ గొంతును తమ సర్వర్ల మీదుగానే పంపడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఈ మధ్య యంత్రం ఎవరిదన్న దాన్ని బట్టే సాఫ్ట్‌వేర్లు రెండు వంశాలుగా చీలతాయి. 2000ల తొలి సంవత్సరాల్లో వచ్చిన టీమ్‌స్పీక్, వెంట్రిలో, 2005లో వచ్చిన మంబుల్ ఒక వంశం. వీటిలో సర్వర్ ప్రోగ్రామ్‌ను బృందమే తన యంత్రంలోనో, అద్దె యంత్రంలోనో నడుపుకుంటుంది. డిస్కార్డ్ రెండవ వంశం, యంత్రాలన్నీ సంస్థవే. డిస్కార్డ్‌లో "సర్వర్" అని పిలిచేది నిజానికి సర్వర్ కాదు. సంస్థ యంత్రాల్లో మనకు కేటాయించిన ఒక ఆవరణ. ఆ సంస్థ ప్రోగ్రామర్ల పత్రాల్లో దాని పేరు గిల్డ్. ఒకే మాటకు రెండు అర్థాలు ఉండడం వల్ల "మా సర్వర్ మాదే కదా" అన్న భ్రమ కలుగుతుంది. అక్కడ నిర్వాహకుడు గదులు సర్దగలడు, మనుషులను పంపించగలడు. ఆవరణనే మూసేసే అధికారం మాత్రం సంస్థది.

సొంత సర్వర్ అంటే స్వేచ్ఛ అని వెంటనే అనేయడం కూడా తొందరపాటే. మంబుల్ పూర్తిగా ఓపెన్ సోర్స్, దానికి చాలా చిన్న యంత్రం సరిపోతుంది. టీమ్‌స్పీక్ 3ను లైసెన్సు కొనకుండా 32 మంది దాకా నడుపుకోవచ్చు. కానీ సర్వర్ నడిపే మనిషికి అందరి ఐపీ చిరునామాలూ కనబడతాయి. దాన్ని తన ఇంటి కనెక్షన్ మీదే నడిపితే ఆ ఇంటి చిరునామా వచ్చినవాళ్లందరికీ తెలుస్తుంది. ఒక్కరితో గొడవైతే చాలు. కొత్తవారిని చేర్చుకునే ఉద్దేశమున్న బృందం ఇంట్లోంచి సర్వర్ నడపడం నాకు మంచి ఆలోచన అనిపించదు. మంబుల్‌లో మరో మెలిక ఉంది. నమోదైన సభ్యుణ్ణి అది సంకేతపదంతో గుర్తుపట్టదు, వారి కంప్యూటర్‌లో ఉన్న ధ్రువపత్రం ఫైలుతో గుర్తుపడుతుంది. ఆ ఫైలును దాచుకోకుండా కంప్యూటర్‌ను శుభ్రం చేసి మళ్లీ సర్దుకున్నవారికి తమ పేరే తమది కాకుండా పోతుంది. నిర్వాహకుడు వచ్చి పాత నమోదును తీసి కొత్తగా నమోదు చేయాలి. భద్రత దృష్ట్యా చక్కని ఏర్పాటే, కొత్తవారికి మాత్రం మొదటి వారంలోనే తలనొప్పి.

ఒకప్పుడు మా బృందం అద్దె సర్వర్‌లో ఉండేది. నెలనెలా అద్దె కట్టే మిత్రుడు ఒక్కడే, నిర్వాహకుడూ అతడే. అతడు మెల్లగా ఆటలకు దూరమయ్యాడు, అది సహజమే. ఒక శనివారం రాత్రి పదకొండుమందిమి ఎప్పటిలాగే నొక్కితే కనెక్షన్ కుదరలేదు. అద్దె గడువు దాటి సర్వర్ మూతబడిందని అర్థమవడానికి రెండు రోజులు పట్టింది. సాఫ్ట్‌వేర్ తప్పు ఏమీ లేదు; మళ్లీ కొత్త సర్వర్ పెట్టుకోవడం అరగంట పని. కానీ నాలుగేళ్లుగా రోజూ మాట్లాడుకున్న పదకొండుమందిలో ఒకరి ఫోన్ నంబరు ఒకరికి తెలియదు, ఉన్నవన్నీ మారుపేర్లే. ఆటలోని మిత్రుల జాబితా పట్టుకుని ఒక్కొక్కరినీ వెతుక్కున్నాం. ఇద్దరు దొరకలేదు.

సంస్థల సేవలైనా శాశ్వతం కావు. ఒకప్పుడు ఆటగాళ్లలో విస్తృతంగా వాడుకలో ఉన్న ఎక్స్‌ఫైర్ 2015లో మూతపడింది. స్కైప్ 2025 మే నెలలో ఆగిపోయింది. కనుక ఏ వంశాన్ని ఎంచుకున్నా, ఆ గది బయట సభ్యులను చేరుకునే ఇంకో దారి ఒకటి, కనీసం ఇద్దరు నిర్వాహకులు ఉండాలన్నది సాఫ్ట్‌వేర్ కంటే ముందు తేల్చుకోవలసిన విషయం.

గోప్యత గురించి ఒక మాట. మంబుల్ గొంతును గుప్తీకరించే పంపుతుంది గానీ, ఆ గుప్తీకరణ మన నుంచి సర్వర్ దాకా, సర్వర్ నుంచి అవతలివారి దాకా విడివిడిగా ఉంటుంది. సర్వర్ దగ్గర విప్పడం సాధ్యమే. సర్వర్ మనదైతే దిగులు లేదు. డిస్కార్డ్ 2024 సెప్టెంబరులో డేవ్ అనే పద్ధతిని ప్రకటించి, ఆడియో, వీడియో కాల్స్‌ను సంస్థ కూడా వినలేని విధంగా ఈ కొస నుంచి ఆ కొస దాకా గుప్తీకరించడం మొదలుపెట్టింది. రాసుకునే సందేశాలకు అది వర్తించదు. అంటే "ఏది భద్రం?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు: మాట ఒకచోట భద్రం, రాత మరోచోట భద్రం.

ఒకేసారి ఎందరు మాట్లాడాలి?

ఐదుగురి బృందానికి ఒక గది చాలు. అందరూ అందరినీ వింటారు, అడ్డం వస్తే "ఆగు" అంటారు, అంతటితో సరి. ఇరవై, నలభై మంది అయ్యేసరికి లెక్క మొత్తం మారిపోతుంది. 2004లో మొదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 40 మంది కలిసి చేసే రెయిడ్లు ఉండేవి; వాటిలో చికిత్స చేసేవారు తమలో తాము వంతులు మాట్లాడుకోవాలి, నాయకుడి మాట అందరికీ వినబడాలి, పక్క కబుర్లు మాత్రం నాయకుడి మాటను ముంచెత్తకూడదు. ఈవ్ ఆన్‌లైన్‌లో ఒక్కో నౌకాదళంలో వందలమంది ఉంటారు. అక్కడ దళపతి ఒక్కరే మాట్లాడతారు, ఉపదళాల నాయకులు వేరే దారిలో ఆయనకు కబురు చేరవేస్తారు.

టీమ్‌స్పీక్, మంబుల్ ఈ అవసరంలోంచి పెరిగినవే. వీటిలో మనం కూర్చున్న గది మారకుండానే, వేరే మీట నొక్కి మాట్లాడితే ఎంచుకున్న కొద్దిమందికో, వేరే గదిలోని వారికో మాత్రమే మాట చేరుతుంది. దీన్ని విస్పర్ అంటారు. దళ నాయకుడు ఒక మీటతో తన పదిమందికీ, ఇంకో మీటతో తోటి నాయకులకూ ఆదేశాలిస్తాడు. చూసేవారికి పియానో వాయిస్తున్నట్టుంటుంది. డిస్కార్డ్‌లో ఒక మనిషి ఒకసారికి ఒకే వాయిస్ ఛానెల్‌లో ఉండగలడు. ప్రయారిటీ స్పీకర్ హక్కు ఉన్నవారు మాట్లాడేటప్పుడు మిగతావారి గొంతులు తగ్గే ఏర్పాటు ఉంది గానీ, ఇది గదిలో పెద్ద గొంతు ఇవ్వడమే తప్ప రెండో గదికి తలుపు తీయడం కాదు. రాతలు, బొమ్మలు, ప్రకటనలు, పాత సంభాషణలు అన్నీ ఒకేచోట ఉంచడంలో డిస్కార్డ్‌కు సాటి లేదు. ఆజ్ఞల పరంపర ఉన్న పెద్ద దళాన్ని నడపడానికి పాత వంశమే ఇప్పటికీ మెరుగు. రెండూ కలిపి వాడే బృందాలున్నాయి, ప్రణాళికలకు ఒకటి, యుద్ధానికి ఒకటి. రెండు చోట్ల లాగిన్ అవడం విసుగే అయినా ఆ పద్ధతిలో అర్థముంది. మంబుల్‌లో ఆటలోని పాత్ర ఎటు నిలబడితే గొంతు అటునుంచే వినిపించే ఏర్పాటు కూడా ఉంది, అయితే అది ఆమోదించిన కొన్ని ఆటల్లోనే.

బృందంలో కన్సోల్ మీద ఆడేవారు ఒక్కరున్నా ఈ చర్చలో సగం అక్కడికక్కడే ముగుస్తుంది. డిస్కార్డ్ వాయిస్ 2022లో ఎక్స్‌బాక్స్‌కు, 2023లో ప్లేస్టేషన్ 5కు వచ్చింది. టీమ్‌స్పీక్, మంబుల్ వాడాలంటే వారు పక్కన ఫోన్ పెట్టుకుని రెండు జతల శబ్దాలను చెవుల్లో ఎలాగో కలుపుకోవాలి. రెండు వారాల కంటే ఎక్కువ ఓపిక పట్టినవారిని నేను చూడలేదు. ఆటలోనే ఉండే వాయిస్ చాట్ అపరిచితులతో ఆడేటప్పుడు సరిపోతుంది. మ్యాచ్ ముగియగానే గదీ ముగుస్తుంది కనుక బృందానికి అది ఇల్లు కాలేదు.

నింద తప్పుగా పడే చోట్లు

సాఫ్ట్‌వేర్ మార్చినా తీరని ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది బ్లూటూత్ హెడ్‌సెట్. పాటలు వింటున్నప్పుడు హాయిగా ఉన్న ధ్వని, వాయిస్ చాట్‌లో చేరి మైకు తెరుచుకోగానే డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతుంది. పాటలకు బ్లూటూత్ వాడే పద్ధతి వినడానికి మాత్రమే పనికివస్తుంది. మైకు కావాలంటే హెడ్‌సెట్ ఫోన్ కాల్స్ కోసం తయారైన మరో పద్ధతికి మారాలి. అందులో ధ్వని సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలకు పడిపోతుంది, స్టీరియో పోతుంది, ఆటలో అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియదు. దీనికి విరుగుడు తేలిక: వినడానికి బ్లూటూత్ ఉంచుకుని, మైకుగా తీగ ఉన్నదాన్నో, లాప్‌టాప్‌లోనిదాన్నో ఎంచుకుంటే హెడ్‌సెట్ పాటల పద్ధతిలోనే ఉండిపోతుంది. బ్లూటూత్ సొంత ఆలస్యం మాత్రం అలాగే ఉంటుంది, దానికి తీగే మందు.

రెండవది, ఇంట్లో ఇంకెవరో పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తుండడం. రూటర్‌లో వరస పేరుకుపోయి, చిన్న చిన్న గొంతు ప్యాకెట్లు ఆ బరువైన వాటి వెనక నిలబడతాయి. పింగ్ ఒక్కసారిగా వందల్లోకి పోతుంది. దీనికి పరిష్కారం రూటర్‌లోని క్యూ అమరికలో ఉంది, చాట్ సాఫ్ట్‌వేర్‌లో లేదు.

శబ్ద నివారణ సంగతి అటూ ఇటూ కాదు. డిస్కార్డ్‌లో 2020 నుంచి క్రిస్ప్, మంబుల్‌లో ఆర్‌ఎన్‌నాయిస్ ఫ్యాను హోరునూ కీబోర్డు టకటకనూ ఆశ్చర్యం కలిగేంత బాగా తుడిచేస్తాయి. అయితే ఇవి మాట ఏది, చప్పుడు ఏది అని ఊహించి తుడిచేవి. నవ్వునూ గుసగుసనూ ఒక్కోసారి చప్పుడే అనుకుంటాయి. ప్రాసెసర్ బలహీనంగా ఉన్న యంత్రంలో ఆటతో పోటీ పడతాయి కూడా. మీట నొక్కి మాట్లాడే పుష్-టు-టాక్ ఉన్నచోట వీటి అవసరమే తగ్గుతుంది. పుష్-టు-టాక్‌లో ఒక చిన్న లోపం ఉంది: మాట పూర్తవకముందే వేలు లేస్తుంది, వాక్యం చివరి మాట తెగిపోతుంది. మన భాషలో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది కనుక "లోపలికి వెళ్లొద్దు" అన్నది "లోపలికి వెళ్లొ..." దగ్గర ఆగితే వినేవారు లోపలికే వెళతారు. మీట వదిలాక కూడా మైకును కాసేపు తెరిచి ఉంచే అమరిక డిస్కార్డ్, మంబుల్, టీమ్‌స్పీక్ మూడింటిలోనూ ఉంది. దాన్ని 200, 300 మిల్లీసెకన్ల దగ్గర పెట్టుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది.

ఇంత విన్నాక "ఇంతకీ ఏది పెట్టుకోమంటారు?" అని అడిగేవారికి నా మొగ్గు చెబుతాను. పదిమంది లోపు మిత్రులు, అందులో ఒకరిద్దరు కన్సోల్ మీద, ఒకరు ఎక్కువగా ఫోన్ మీద ఉంటే డిస్కార్డ్ దగ్గర ఆగిపోవచ్చు. సర్వర్ నడిపే ఓపిక ఎవరికీ లేని చోట సొంత సర్వర్ గురించి మాట్లాడడం దండగ. అందరూ కంప్యూటర్ల మీదే ఉండి, దళాలుగా చీలి ఆడే పెద్ద బృందమైతే, ఓపిక ఉన్న నిర్వాహకులు ఇద్దరు దొరికితే, సభ్యుల్లో ఎక్కువమందికి దగ్గరగా ఉన్న డేటా కేంద్రంలో అద్దె యంత్రం మీద మంబుల్ లేదా టీమ్‌స్పీక్ పెట్టుకోవడం మేలు. మన మాటలు ఏ సంస్థ యంత్రాల మీదుగానూ పోకూడదన్న పట్టుదల ఉన్నవారికి అవే రెండింటిలో ఒకదాన్ని సొంత యంత్రం మీద నడుపుకోవడమే మిగులుతుంది.

ఏది ఎంచుకున్నా నిర్ణయించే ముందు ఒక సాయంత్రం పరీక్షించి చూడాలి, అది కూడా ఖాళీగా కూర్చుని "హలో, వినబడుతోందా" అనుకుంటూ కాదు. ఆట నడుస్తుండగా, ప్రాసెసర్ వేడెక్కి ఉండగా, అందరూ ఒకేసారి అరిచే ఘట్టంలో చూడాలి. బృందంలో అందరికంటే బలహీనమైన కనెక్షన్ ఉన్న సభ్యుణ్ణి తప్పకుండా పిలవాలి. డిస్కార్డ్‌లో కనెక్షన్ గుర్తు మీద నొక్కితే పింగ్, పోయిన ప్యాకెట్ల శాతం కనబడతాయి. మంబుల్‌లో ఒక్కో సభ్యుడి వివరాల్లో అవే అంకెలుంటాయి. డిస్కార్డ్ అయితే ఛానెల్ అమరికల్లో సర్వర్ ప్రాంతాన్ని మార్చి మళ్లీ చూడాలి, అద్దె సర్వర్ అయితే డబ్బు కట్టే ముందే వేరే నగరంలోని కేంద్రాన్ని పరీక్షించాలి. ఆ చివరి సభ్యుడు "ఎడమ తలుపు" అన్నప్పుడు మిగతావారు తలుపు వైపు తిరగడానికి ఎంతసేపు పట్టిందో ఆట రికార్డింగ్‌లో ఒకసారి చూసుకుంటే, మిగిలిన వాదనలు చాలామటుకు అక్కడే తెగిపోతాయి.